నేర్చిన కుక్క: మదీనా నుంచి అరకు దాకా

మనిళ్ళలో కుక్క మాట ఎత్తగానే వినిపించేవి రెండే మాటలు. ఒకటి, "నాపాక్ జానవర్". రెండోది, "కుత్తా ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారు". ఈ రెండూ అనేస్తే మసలా ఖతమ్ అనుకుంటాం. గల్లీలో పిల్లలు కుక్క మీద రాళ్ళు విసురుతుంటే ఆపే పెద్దలు తక్కువ. ఆ ఫరిష్తాల హదీస్‌లో కుక్కతో పాటు తస్వీర్ మాట కూడా ఉంది. కానీ షాదీ ఆల్బమ్ నుంచి గోడ మీద ఫోటో దాకా ఎవరూ దాన్ని యాద్ చేసుకోరు. కుక్క దగ్గర మాత్రం అందరం ఆలింలమే.

మన కితాబుల్లోనే కుక్క గురించి ఇంకో పెద్ద బాబ్ ఉంది. అది వీధి కుక్కది కాదు, నేర్చిన కుక్కది. అరబ్బీలో "కల్బె ముఅల్లమ్" అంటారు, అంటే తాలీం పొందిన కుక్క. ఆ తాలీం అంటే ఏమిటి, ఎన్ని రోజులకి వచ్చినట్టు, వచ్చింది పోతే ఏం చేయాలి అని మన ఫుఖహా వందల ఏళ్ళ పాటు బహస్ చేశారు. ఈ చరిత్ర అంతా నేను తిరగేయడానికి కారణం అరకు లోయ. విశాఖ నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కి పోయినవాళ్ళు చూసే ఉంటారు. కొండదొరల వాకిట్లో, గదబల ఊరి మొదట్లో, కాఫీ తోటల గట్ల మీద, గోధుమ రంగు ఒళ్ళు, నిక్కిన చెవులు, వంకర తోకతో కుక్కలు పడుకుని ఉంటాయి. మెడకి గొలుసు ఉండదు. దారిన పోయేవాడి మీద పడవు. మన బస్తీల్లో గొలుసు వేసి కట్టిన కుక్క మాత్రం గేటు విరిగేలా మొరుగుతుంది. ఈ ఫర్క్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం.

మొదట ఖుర్ఆన్. సూరా మాయిదా నాలుగో ఆయత్‌లో హలాల్ ఏమిటన్న సవాల్‌కి జవాబు ఉంది. అందులో షికార్ చేసే జానవర్ల మాట వస్తుంది. వాటికి నేర్పేవాళ్ళని అక్కడ "ముకల్లిబీన్" అన్నారు. కల్బ్ అంటే కుక్క. ఆ మాట లోంచి పుట్టిందే ముకల్లిబ్, అంటే కుక్కకి షికార్ నేర్పే ఉస్తాద్. ఆ ఆయత్ అక్కడితో ఆగలేదు. అల్లాహ్ మీకు ఇచ్చిన ఇల్మ్ లోంచే మీరు వాటికి నేర్పుతున్నారు అనే భావం అందులో ఉంది. అంటే కుక్కకి నేర్పడం కూడా ఇల్మ్ కిందే లెక్క. కుక్క పేరు ఎత్తితే నోరు కడుక్కునే మన పెద్దమ్మలకి ఈ మాట చెబితే ముందు నమ్మరు. ముస్హఫ్ తెరిచి చూపించాలి.

ఆ రోజుల్లో ఈ మసలా అడిగినవారు హజ్రత్ అదీ బిన్ హాతిం. దానధర్మాలకి కహావత్‌గా నిలిచిన హాతింతాయీ గుర్తున్నాడు కదా, ఆయన కొడుకే. తయ్య్ ఖబీలా సర్దార్. షికార్ వాళ్ళ రోజువారీ రిజక్. మేము తాలీం ఇచ్చిన కుక్కలతో వేటాడతాం, వాటి షికార్ తినొచ్చా అని ఆయన హుజూర్‌ని (స) అడిగారు. బుఖారీ, ముస్లిం రెండిట్లోనూ ఉన్న ఆ హదీస్ సారాంశం ఇది: అల్లాహ్ పేరు తీసుకుని నేర్చిన కుక్కని వదిలితే, అది నీ కోసం పట్టింది తిను. అదే గనక అందులోంచి తినేస్తే నువ్వు తినకు, ఎందుకంటే అది తన కోసం పట్టుకుంది. వేరే కుక్కలు వచ్చి కలిసినా తినకు, ఎందుకంటే నువ్వు బిస్మిల్లాహ్ అన్నది నీ కుక్క మీద, పరాయిదాని మీద కాదు.

ఇక్కడ కుక్క నియ్యత్ చూస్తున్నారు! నీ కోసమా, తన కోసమా? ఇన్సాన్‌ని అడగాల్సిన సవాల్‌ని జానవర్ విషయంలో అడిగారు. నేర్చిన కుక్కకీ నేర్వని కుక్కకీ మధ్య గీత ఇక్కడే పడింది.

ఆ గీతని ఫుఖహా ఇంకా సాఫ్‌గా గీశారు. మన ఇలాఖాలో ఎక్కువమంది హనఫీలం కాబట్టి హనఫీ కితాబ్ చూద్దాం. క్రీ.శ. 1197లో ఇంతెఖాల్ అయిన ఇమాం మర్గీనానీ రాసిన హిదాయా మన మదరసాల్లో ఇప్పటికీ చదివిస్తారు. 1791లో చార్లెస్ హామిల్టన్ దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. కంపెనీ కోర్టుల్లో ముసల్మాన్ల మసలాలు తేల్చడానికి వాళ్ళకి అది కావాల్సి వచ్చింది. అంటే ఆ తర్జుమాతో పాటు కుక్క తాలీం బాబ్ కూడా ఇంగ్లీషు జడ్జీల బల్ల మీదికి చేరిందన్నమాట.

హిదాయాలో షికార్ బాబ్ చదువుతుంటే హైరత్ అనిపిస్తుంది. డేగ నేర్చిందని ఎప్పుడంటాం? పిలిస్తే తిరిగొచ్చినప్పుడు. కుక్క నేర్చిందని ఎప్పుడంటాం? పట్టిన షికార్‌ని వరసగా మూడుసార్లు తినకుండా వదిలినప్పుడు. ఈ తేడా ఎందుకు? డేగ అడవిది, మనిషిని చూస్తే ఎగిరిపోవడం దాని ఆదత్. ఆ ఆదత్ వదిలి మన చేతి మీదికి రావడమే దాని చదువు. కుక్క ముందే మనిషితో కలిసి బతికేది, దగ్గరికి రావడం దానికి గొప్ప కాదు. లాక్కుని తినడం దాని ఆదత్. అది వదలడమే దాని చదువు. ఏ జానవర్‌కి ఏది కష్టమో అదే దాని ఇంతెహాన్.

మూడుసార్లు అన్నది ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్ చెప్పిన లెక్క. వాళ్ళ ఉస్తాద్ ఇమాం అబూ హనీఫా మాత్రం గిన్తీ పెట్టలేదు. నేర్చిందా లేదా అన్నది షికారీకి నమ్మకం కుదిరేదాన్ని బట్టి ఉంటుంది అన్నారు. నాకైతే ఇమాం సాబ్ మాటే దగ్గరగా అనిపిస్తుంది. కుక్కతో గడిపినవాళ్ళు ఎవరైనా ఇదే చెబుతారు, ఒక్కో కుక్క ఒక్కో రకం.

ఇంకా ఉంది. చాలాసార్లు తినకుండా తెచ్చిన కుక్క ఒకరోజు తినేసిందనుకోండి. ఆ షికార్ ఎలాగూ పోయింది. మళ్ళీ తాలీం ఇచ్చేదాకా దాని షికార్ తినకూడదు. అంతకుముందు తెచ్చి దాచుకున్న గోష్త్ సంగతి? అదీ హరామే అన్నారు ఇమాం అబూ హనీఫా, ఆ కుక్క అసలు నేర్వనే లేదని ఇప్పుడు తేలింది కదా అని. షాగిర్దులిద్దరూ ఒప్పుకోలేదు. ఇంకో మసలా: కుక్క షికార్ రక్తం తాగింది, గోష్త్ మాత్రం ముట్టలేదు. అప్పుడు? తినొచ్చు. పైగా అది కుక్క ఇల్మ్‌కి ఆఖరి మెట్టు అన్నారు, మాలిక్‌కి పనికిరానిది తను తాగి పనికొచ్చేది మాలిక్‌కి ఉంచింది కాబట్టి. నాపాక్ జానవర్ అని మనం ఒక్క మాటలో కొట్టిపారేసే దాని అఖల్‌కి ఇంత దాద్ ఇచ్చారు.

పెంచొచ్చా అన్నది వేరే సవాల్. హదీస్‌లో షికార్‌కి, మందకి, పొలానికి అని మూడు అవసరాలకి ఇజాజత్ ఉంది. ఉట్టి షౌఖ్ కోసం పెంచితే రోజూ సవాబ్ లోంచి ఖీరాత్ తగ్గుతుందని ఉంది. ఇంటి కాపలా సంగతి ఔరంగజేబ్ కాలంలో కూర్చిన ఫతావా ఆలంగీరీలో ఉంది: దొంగల భయమో, అలాంటిదే ఇంకో భయమో ఉంటే తప్ప ఇంట్లో కుక్కని ఉంచడం తగదు. దీన్ని ఎటువైపు నుంచైనా చదవొచ్చు. మనవాళ్ళు "తగదు" దగ్గర ఆగిపోతారు. భయం ఉన్నవాడికి తలుపు తెరిచే ఉంది. పాకీ విషయంలోనూ మజ్‌హబ్‌లు ఒక్కమాట మీద లేవు. షాఫయీల దగ్గర కుక్క మొత్తం నజిస్. మాలికీల దగ్గర పాక్. హనఫీల దగ్గర చొంగ నాపాక్, ఒళ్ళు పొడిగా ఉండి తగిలితే బట్ట పాడవదు. మూతి పెట్టిన గిన్నె ఏడుసార్లు కడగమని హదీస్ ఉంది, హనఫీలు మూడుసార్లు తప్పనిసరి, ఏడైతే మంచిది అన్నారు. హుజూర్ (స) జమానాలో మస్జిదె నబవీలో కుక్కలు వస్తూ పోతూ ఉండేవని, అక్కడ నీళ్ళు కూడా చల్లేవాళ్ళు కాదని ఇబ్నె ఉమర్ (ర) చెప్పినట్టు బుఖారీలో ఉంది. దప్పికతో నాలుక వేలాడేసిన కుక్కకి తన జోడుతో బావి నీళ్ళు తోడి తాగించిన మనిషికి మగ్‌ఫిరత్ దొరికిన కథ మన పిల్లలందరికీ తెలుసు. తెలిసీ రాళ్ళు విసురుతారు.

మొఘలుల కుక్కల గురించి తొందరగా చెప్పి కొండలెక్కుదాం. అక్బర్‌కి కుక్కలంటే ఇష్టమని, మంచివి కాబుల్ వైపు నుంచి, ముఖ్యంగా హజారా ఇలాఖా నుంచి వచ్చేవని ఐనె అక్బరీలో అబుల్ ఫజల్ రాశాడు. జహంగీర్‌కి ఇంగ్లండ్ రాయబారి థామస్ రో ద్వారా రెండు మాస్టిఫ్‌లు చేరాయి. ఒక్కోదానికి నలుగురు నౌకర్లు, తిరగడానికి పల్లకీ, ఈగలు తోలడానికి విసనకర్రలు. పాద్‌షా స్వయంగా తినిపించడానికి వెండి పటకారు చేయించుకున్నాడని రో వెంట ఉన్న పాద్రీ ఎడ్వర్డ్ టెర్రీ రాశాడు. వేళ్ళకి చొంగ తగలకుండా కాబోలు! ముచ్చటగా ఉంది గానీ దీన్ని నేను తాలీం అనను.

ఇక మన కొండలు. వీటి కింద మైదానం కుతుబ్‌షాహీల రోజుల్లో చికాకోల్ సర్కార్. ఫౌజ్‌దార్ షేర్ ముహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో కట్టించిన జామియా మస్జిద్ ఇప్పటికీ ఉంది. బొబ్బిలి అన్న పేరు కూడా ఆయన పేరులోని "షేర్" నుంచే వచ్చిందని చెప్పుకుంటారు. మైదానం చేతులు మారింది గానీ ఘాట్ పైన కొండదొరలు, బగతలు, గదబలు, పోర్జలు, కోటియాలు, ఖోందులు తమ బతుకు తాము బతికారు. అక్కడ కుక్క ఆటవస్తువు కాదు. పోడు చేనులో సామలు, రాగులు, కందులు పండే వేళకి రాత్రిళ్ళు అడవిపందులు దిగుతాయి. మంచె మీద మనిషి నిద్రపోయినా కింద కుక్క మేలుకుని ఉంటుంది. మేకల వెంట పోతుంది. వేటకి పోయిన రోజు పందిని చుట్టుముట్టి నిలబెడుతుంది. హదీస్‌లో చెప్పిన ఆ మూడు పనులూ, పొలం, మంద, షికార్, ఒకే కుక్క చేస్తుంది.

దానికి నేర్పే పద్ధతి కూడా వేరు. ఉస్తాద్ విడిగా ఉండడు. పిల్లకుక్క ముసలి కుక్క వెంట పోతుంది, మనిషి వెంట పోతుంది, ఊరి పిల్లల మధ్య పెరుగుతుంది. సంత రోజు జనాన్ని చూస్తుంది, కోళ్ళని చూస్తుంది, కొత్తవాళ్ళని చూస్తుంది. పుట్టిన మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల లోపల కుక్కపిల్ల ఏం చూస్తే అది దానికి మామూలు అవుతుందని, చూడనిది జిందగీ అంతా భయపెడుతుందని ఇప్పటి పశువైద్యులు చెబుతారు. కొండ ఊళ్ళో ఈ తాలీం ఎవరూ ఇవ్వకుండానే దొరుకుతుంది. వేట పంచుకునేటప్పుడు కుక్కకీ వాటా పడుతుంది, కానీ ముందు కాదు, మనిషి ఇచ్చినప్పుడు. హిదాయా చదివి ఈ దృశ్యం చూస్తే ఒకదానికొకటి షరహ్‌లా ఉంటాయి. మన నిజాం హుకూమత్ కోసం పనిచేసిన హైమెన్‌డార్ఫ్ 1943లో చెంచుల మీద, 1945లో కొండరెడ్ల మీద కితాబులు తెచ్చాడు. అడవిలో చెంచు మనిషికి విల్లంబులు ఎంతో కుక్క అంత.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మా ఖాలా కొడుకు ఒకడు నౌకరీ మీద అరకు వైపు కాపురం పెట్టాడు. ఇల్లు ఊరి చివర, సాయంత్రమైతే చీకటి, చిన్న పిల్లలు. ఒక కుక్కపిల్లని తెచ్చాడు. విజయనగరం నుంచి పెద్దవాళ్ళు ఫోన్ మీద ఫోన్, తీసి పారేయమని. పారేయలేక, ఇంటికి దగ్గర చేయలేక, మధ్యేమార్గంగా పెరట్లో గొలుసు వేసి కట్టాడు. పేరు కూడా పెట్టలేదు. రొట్టె ముక్క దూరం నుంచి విసిరేవాళ్ళు. ఏడాదికల్లా అది పక్కింటి కొండదొరల బచ్చాని కరిచింది, బంతి కోసం పెరట్లోకి వచ్చినందుకు. ఆ బిడ్డ తల్లి ఒక్క మాట గట్టిగా అనలేదు. కట్టేసి ఉంచితే కరవదా అన్నట్టు గొలుసు వైపు చూసిందట. పెద్దవాళ్ళు మాత్రం "చెప్పాం కదా, కుత్తా కుత్తాయే" అన్నారు. నేను ఒప్పుకోను. అదే నస్ల్ కుక్కలు పక్క వాకిట్లో నాలుగున్నాయి, అవి ఎవర్నీ కరవలేదు. తేడా తర్బియత్‌లో ఉంది, మాలిక్‌లో ఉంది.

ఆ బిడ్డ గాయం సబ్బు రాసి పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగారు, అదే రోజు సర్కారీ దవాఖానాలో టీకా మొదలుపెట్టారు. కారం, సున్నం, కాఫీ పొడి ఇలాంటివి ఏవీ గాయంలో పెట్టకూడదు. లోతైన కాటు అయితే టీకాతో పాటు గాయంలో వేసే సీరం కూడా అడగాలి. బొడ్డు చుట్టూ 14 సూదులు అని మన నానీలు భయపెట్టేవారు కదా, అవి 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన గొర్రె మెదడు టీకా రోజుల మాట. దక్షిణాదికి ఆ వైద్యం దగ్గరైంది 1907లో కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చాకే. అంతకుముందు పిచ్చికుక్క కరిస్తే కసౌలీ కొండల దాకా పోవాలి, లేదా ఖిస్మత్. ఇప్పుడు నాలుగైదు సూదులు, అదీ చేతికి. ఆలస్యం చేస్తే, జబ్బు బయటపడితే, ఏ డాక్టరూ ఏమీ చేయలేడు.

కుక్కని తరిమేయాలా అని తమ్ముడు అడిగితే, ముందు నేర్పించి చూడమన్నాను. ఊళ్ళో ఒక పెద్దాయన చేయి కలిపాడు. మొదట పేరు పెట్టారు. పేరు పిలవడం, వస్తే చిన్న ముక్క ఇవ్వడం, అంతే. పిలిచి కొట్టకూడదు. ఒక్కసారి కొడితే ఆ పేరు దానికి మారు చేస్తుంది. డేగకి హిదాయా పెట్టిన ఇంతెహాన్, పిలిస్తే రావడం, మన కుక్కకీ మొదటి పాఠం అయింది. రెండోది ఆగడం. తిండి గిన్నె కింద పెట్టి, "రుకో" అని, ఇజాజత్ ఇచ్చేదాకా తిననివ్వలేదు. మొదటి రోజు ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణానికే ముక్క దొరికింది. పదో రోజుకి నలుగురు పిల్లలు లెక్కపెట్టేంత సేపు ఆగింది. మూడోది, గొలుసు రోజంతా కాకుండా కొత్తవాళ్ళు వచ్చినప్పుడు మాత్రమే. పొద్దున, సాయంత్రం నడక. పక్కింటి పిల్లల్ని దూరం నుంచి చూపించడం, రోజుకో అడుగు దగ్గరికి. పిల్లలకీ తాలీం ఉంది: తినే కుక్కని, నిద్రపోయే కుక్కని, పిల్లలు పెట్టిన కుక్కని ముట్టకూడదు. అది వెంటపడితే పరిగెత్తకూడదు, చెట్టులా నిలబడాలి. దాని గిన్నె వేరు, దాని చోటు గడప బయట, ముసల్లా ఉన్న గదిలోకి రాదు. నమాజ్‌కీ ఫికర్ లేదు, కుక్కకీ గందరగోళం లేదు. హద్దు ఒక్కటే ఉండి రోజూ అదే ఉంటే జానవర్ తొందరగా పట్టుకుంటుంది.

కొట్టడం గురించి ఒక మాట. కుక్క ఒళ్ళు దెబ్బకి తట్టుకుంటుంది, డేగది తట్టుకోదు అని హిదాయాలోనే ఉంది, కాబట్టి కొట్టి నేర్పడం పాత రోజుల్లో మామూలే. 1910లో కుక్కల తాలీం మీద కితాబ్ రాసిన జర్మన్ పోలీసు ఆఫీసర్ కాన్రాడ్ మోస్ట్ కూడా బలవంతాన్ని నమ్మినవాడే. 1951లో స్కిన్నర్ అనే అమెరికా సైకాలజీ ప్రొఫెసర్, జానవర్లకి ఇనామ్‌తో ఎలా నేర్పాలో మామూలు జనానికి అర్థమయ్యేలా వ్యాసం రాశాడు. ఇప్పుడు చాలామంది ఉస్తాదులు ఆ దారిలోనే ఉన్నారు. దెబ్బలతో పెరిగిన కుక్క భయంతో కరుస్తుంది. కరిచేది కొట్టినవాణ్ణి కాదు, దగ్గర్లో ఉన్న చిన్నపిల్లని.

ఈ కొండల్లో ఇంకో కుక్క పేరుంది, దాని మాట ఎత్తకపోతే చరిత్ర సగమే. 1989లో నక్సలైట్ల మీదికి పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ తయారుచేసిన దళానికి వేటకుక్క పేరే పెట్టారు, గ్రేహౌండ్స్ అని. ఏజెన్సీ ఊళ్ళలో ఆ మాట వింటే జనానికి యాదొచ్చేది జానవర్ కాదు.

షికార్ ఇప్పుడు కితాబుల్లోనే మిగిలింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అడవిలో వేట నేరం. ఇటుకల పండగ మాత్రం చైత్రంలో ఏటా వస్తుంది. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని కొండెక్కేవాళ్ళు, వట్టి చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేసేవాళ్ళు. ఇప్పటికీ ఆ రోజుల్లో ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, పాటలు పాడుతూ, వచ్చే పోయే బండ్లని ఆపి డబ్బులు అడుగుతారు. ఏప్రిల్‌లో పిల్లాపాపలతో అరకు పోయేవాళ్ళు చిల్లర జేబులో ఉంచుకోండి. కర్ర పక్కన నీడలో కుక్కలు పడుకుని ఉంటాయి. హారన్ కొట్టక్కర్లేదు, కర్ర లేపగానే అవే లేచి పక్కకి పోతాయి.